వ్యాసర్‌పాడి ఓటరు బల్ల: 2025 నవంబరు నుంచి 2026 జనవరి దాకా

చెన్నైలో పెరంబూరు దగ్గర నాకో జిరాక్స్, డీటీపీ షాపుంది. వ్యాసర్‌పాడి, పుళియందోపు వీధుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కొందరి తాతలు బిన్నీ మిల్లు పనికి వచ్చారు, ఎక్కువమంది కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనికి వచ్చారు. ఇప్పటికీ మా వీధిలో సగం ఇళ్లలో ఆ పనే. మగళిర్ కుళు (మహిళా పొదుపు సంఘం) ఆడవాళ్లు కొందరు, కాలేజీ పిల్లలు ముగ్గురు నలుగురు, నేను కలిసి ఒక పని మొదలుపెట్టాం. దానికి పేరు లేదు, బ్యానరూ లేదు. షాపు ముందు వేసే మడత బల్లే మా ఆఫీసు.

నిజానికి మొదట అనుకున్నది ఓటరు జాబితా పని కాదు. కార్పొరేషన్ ఏరియా సభల్లో (పల్లెల్లో గ్రామసభల లాంటివి) మా వీధుల నుంచి ఏ అర్జీలు ఇచ్చాం, ఏది తేలింది, ఏది మూలన పడింది అని ఒక పుస్తకం పెట్టుకుందామనుకున్నాం. అంతలో 2025 అక్టోబరు 27న ఎన్నికల సంఘం తమిళనాడుతో కలిపి 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించింది. అందరూ ఎస్‌ఐఆర్ అంటున్నది దీన్నే. అర్జీల పుస్తకం పక్కన పెట్టి దీని మీద పడ్డాం. జాబితాలో పేరే లేని మనిషి అర్జీ ఎవరు చదువుతారు?

నవంబరు 8, శనివారం

నాలుగో తేదీ నుంచి బూత్ అధికారులు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు ఇస్తున్నారు. ఒక్కో ఓటరుకు రెండు కాపీలు. పై భాగంలో పేరు, ఓటరు కార్డు నంబరు, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, పాత ఫొటో అచ్చేసి ఉన్నాయి. కింది భాగంలోనే ఉంది చిక్కంతా. గత సమగ్ర సవరణ నాటి జాబితాలో, అంటే తమిళనాడులో 2002, కొన్నిచోట్ల 2005 జాబితాలో, మీ పేరు ఎక్కడుందో రాయాలి. మీ పేరు లేకపోతే అమ్మానాన్నలదో, మరో దగ్గరి బంధువుదో రాయాలి. జిల్లా, నియోజకవర్గం, పార్ట్, సీరియల్ అన్నీ కావాలి.

ఇరవై ఏళ్ల కింద తన పేరు ఏ బూత్‌లో, ఎన్నో నంబరుగా ఉందో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

ఫారం తమిళంలో ఉంది. మా వాళ్లందరికీ తమిళం మాటల్లో నీళ్లప్రాయం. చదవడం దగ్గరికి వచ్చేసరికి యాభై దాటిన ఆడవాళ్లలో చాలామందికి తమిళమూ రాదు, తెలుగూ రాదు. అందుకని మొదట వాట్సాప్‌లో తెలుగు వాయిస్ మెసేజ్‌లు చేశాం. ఏ గడిలో ఏం రాయాలో నిమిషం లోపు చెప్పే ముక్కలు. కుళు లీడరక్క గొంతు. బాగానే వచ్చాయి గానీ ఫలితం అంతంతమాత్రం. ఫోన్లు కొడుకుల చేతుల్లో ఉంటాయి, కొడుకులు రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరరు. ఆ దారి వదిలేసి మనిషిని బల్ల ముందు కూర్చోబెట్టి రాయించే పద్ధతికే వచ్చేశాం.

అన్నిటికంటే ముందు వచ్చిన ప్రశ్న మాత్రం, "ఏ కట్చి సార్ మీరు?" ఏ పార్టీ కాదంటే ఎవరూ నమ్మలేదు. ఊరికే ఫారాలు రాసిపెట్టే మనిషంటే అనుమానించాల్సిందే, వాళ్ల తప్పేం లేదు.

నవంబరు 9, ఆదివారం

ఇవాళంతా ఇనిషియల్ గొడవ.

తెలుగు ఇళ్లలో ఇనిషియల్ ఇంటిపేరుది. తమిళ పద్ధతిలో తండ్రి పేరుది, ఆడవాళ్లకు పెళ్లయ్యాక భర్త పేరుది. మా పేటలో రెండు పద్ధతులూ కలిసిపోయి ఒక్కో మనిషికి మూడు పేర్లు తయారయ్యాయి. స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు, రేషన్ కార్డులో తండ్రి, ఓటరు కార్డులో భర్త. దీనికి తోడు లిపి. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. త, ద అంతే. ప, బ అంతే. భాగ్యమ్మ అని ఎవరైనా ఉంటే జాబితాలో పాక్కియమ్మాళ్ అయి కూర్చుంటుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఒకరు 'పి'తో మొదలుపెడతారు, ఇంకొకరు 'బి'తో. కంప్యూటర్‌కు అవి ఇద్దరు మనుషులు.

బల్ల దగ్గరికి వచ్చినవాళ్ల వివరాలు ఎక్కించే మా షీట్‌లో మొదట ఒకటే పేరు కాలమ్ ఉండేది. ఇవాళ దాన్ని చీల్చి అయిదు చేశాం: ఇంట్లో పిలిచే పేరు, ఇంటిపేరుతో పేరు, ఆధార్‌లో పేరు, ఇప్పటి జాబితాలో పేరు, పాత జాబితాలో పేరు. వెతకడానికి పేరు మీద ఆధారపడకుండా ఓటరు కార్డు నంబరునే తాళంచెవిగా పెట్టాం. పాత జాబితాల్లో కొందరికి కార్డు నంబరే లేదు, అక్కడ మళ్లీ చేత్తో వెతకడమే.

పేరు పుణ్యమా అని ఓటు పోవడం ఈ దేశానికి కొత్త కాదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలకు జాబితా రాస్తున్నప్పుడు ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యను, ఫలానా వాడి తల్లిని అని రాయించుకున్నారు. సొంత పేరు లేకపోతే కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. దాదాపు 28 లక్షల పేర్లు జాబితాలోంచి పోయాయి. మా బల్ల దగ్గర ఒక పెద్దమ్మ ఇవాళ తన పేరు అడిగితే, "కార్డులో ఏముందో అదే నా పేరు అనుకో నాయనా" అంది.

నవంబరు 16, ఆదివారం

పాత జాబితాల వేట. రాసుకోవాల్సింది చాలా ఉంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లు మూడు రకాలు. ఇక్కడే పుట్టి ఇక్కడే ఉన్నవాళ్లు ఒకరు. వీళ్లది కొంత నయం. అయితే పాత జాబితాలు పాత నియోజకవర్గాల ప్రకారం ఉన్నాయి. 2008 పునర్విభజనతో పురసవాక్కం, పార్క్ టౌన్ నియోజకవర్గాలు మాయమయ్యాయి, తిరు.వి.క. నగర్ కొత్తగా వచ్చింది. ఇప్పటి నియోజకవర్గం పేరు పట్టుకుని పాత జాబితా తెరిస్తే ఏమీ దొరకదు. అందుకని అప్పట్లో ఓటు వేసిన స్కూలు ఏది అని అడగడం మొదలుపెట్టాం. మనుషులు నియోజకవర్గం పేరు మరిచిపోతారు గానీ ఏ స్కూలు వరండాలో క్యూ కట్టారో మరిచిపోరు. స్కూలు పేరు దొరికితే పార్ట్ నంబరు దొరికినట్టే.

రెండో రకం, కాలవ గట్టు గుడిసెల నుంచి కణ్ణగి నగర్‌కూ పెరుంబాక్కానికీ తరలించిన కుటుంబాలు. వాళ్ల చుట్టాలు ఇక్కడ ఉన్నారు కాబట్టి బస్సెక్కి వస్తున్నారు. కణ్ణగి నగర్ అయినా చెన్నై కార్పొరేషన్‌లోనే ఉంది. పెరుంబాక్కం అలా కాదు, చెంగల్పట్టు జిల్లాలోని గ్రామ పంచాయతీ. ఉద్యోగం చెన్నై వీధులు ఊడ్చడం, ఓటు మాత్రం పంచాయతీకి. ఊడ్చే వీధి కౌన్సిలర్‌ను ఎన్నుకునే హక్కు వాళ్లకు లేదు. ఇల్లు మారితే ఓటు మారుతుంది, నిజమే. వాళ్లు ఇష్టపడి మారినవాళ్లు కాదు కదా అన్నదే నా బాధ.

మూడో రకం, పెళ్లి చేసుకునో పని వెతుక్కునో ఆంధ్ర నుంచి ఈ మధ్య వచ్చినవాళ్లు. వేరే రాష్ట్రం పాత జాబితాలో ఉన్నా చెల్లుతుందన్నారు కాబట్టి, వాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ 2002 జాబితాలు తెరిచాం. పోలింగ్ కేంద్రం వారీగా పీడీఎఫ్‌లు. తెలుగులోనే ఉన్నా పేరు టైపు చేసి వెతికితే దొరకదు. పేజీ పేజీ కళ్లతో చూడాల్సిందే.

నెల్లూరు జిల్లా నుంచి పెళ్లై వచ్చిన ఒకామె, నలభై లోపు ఉంటుంది, మధ్యాహ్నం షాపులో కూర్చుంది. వాళ్ల ఊరు అప్పట్లో అల్లూరు నియోజకవర్గం. ఇప్పుడు ఆ నియోజకవర్గమే లేదు. ఊరి జాబితా దొరికింది గానీ తండ్రి పేరు దొరకలేదు. ఊళ్లో అందరూ ఆయన్ను పిలిచే పేరు ఆమెకు తెలుసు, జాబితాలోది అసలు పేరు. ఆమె చెప్పిన పేరు మీద రెండుసార్లు చూశాం, లేదు. అప్పుడు ఆమే అంది, "అన్నా, పేర్లు అన్నీ ఒకసారి చదువు. మా ఇంటి పక్కోళ్లు వస్తే చెప్తా."

చదవడం మొదలుపెట్టాను. జాబితా ఇంటి నంబర్ల వరసలో ఉంటుంది కాబట్టి పేర్లు చదువుతుంటే ఊళ్లో వీధి వెంబడి నడిచినట్టే. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. "వాళ్లు బజారు వీధి, ఇంకా ముందుకు పో." ఇంకో పేజీ. "ఆ, ఈయన మా మేస్త్రీ తాత. ఆగు ఆగు." రెండు ఇళ్లు దాటాక, "ఈ ముసలామె మా ఇంటికి ఎడమపక్క. ఆ తర్వాతది చదువు." చదివాను. ఇంటిపేరు వాళ్లదే. పేరు ఆమె ఎన్నడూ విననిది. కింద తల్లి పేరు సరిపోయింది, అన్న పేరు సరిపోయింది. సీరియల్ నంబరు ఫారంలో రాసి ఇచ్చాం. తండ్రి పోయి చాలా ఏళ్లయిందట. పేరు ఒకసారి కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసివ్వమంది, రాసిచ్చాను.

ఇక నుంచి ఆంధ్ర జాబితాలన్నిటికీ ఇదే పద్ధతి. అసలు పేరు అడగడం మానేసి పక్కింటివాళ్ల పేర్లు అడుగుతున్నాం. చెన్నై పాత జాబితాలకు కూడా పనికొస్తోంది, గుడిసెల్లో డోర్ నంబర్లు సరిగా లేనిచోట తప్ప.

నవంబరు 22, శనివారం

ఇంటికి తాళం వేసి ఉందన్న మాట ఎక్కువ వినబడుతోంది. కారణం వెతకాల్సిన పనే లేదు. కార్పొరేషన్ పని పొద్దున ఆరింటికి మొదలు. ఆడవాళ్లు చీకటితోనే బయల్దేరి మధ్యాహ్నం రెండు దాటాక వస్తారు. బూత్ అధికారి వచ్చేది పదికీ ఒంటిగంటకూ మధ్య. మూడుసార్లు వచ్చినా మూడుసార్లూ తాళమే. అలాంటి ఇల్లు జాబితాలో "లేరు" అనో "మారిపోయారు" అనో పడిపోతుంది. ఊరు నిద్ర లేచేలోగా ఊరిని శుభ్రం చేయడానికి వెళ్లినవాళ్లే ఊళ్లో లేనివాళ్ల కింద లెక్క.

మా బూత్ అధికారి అంగన్‌వాడీ టీచరు. ఆమెను తిట్టడానికి నోరు రాదు. పొద్దున పిల్లలు, మధ్యాహ్నం ఫారాలు, రాత్రి ఫోన్‌లో అప్‌లోడు. ఆమెతో మాట్లాడి రెండు వీధులకు మాత్రం సాయంత్రం అయిదున్నరకు రమ్మన్నాం. వచ్చింది. కుళాయి దగ్గర బల్ల వేసి, టీ ఇప్పించి, వరసగా ఫారాలు తీసుకునేలా చేశాం. పిల్లలిద్దరు ఫొటోలు అంటించారు. చీకటి పడే లోపు మూడు రోజుల పని అయిపోయిందని ఆమే అంది.

రెండో కాపీ గురించి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. ఫారం తీసుకున్నట్టు బూత్ అధికారి సంతకం పెట్టి ఒక కాపీ ఓటరుకు తిరిగి ఇవ్వాలి. చాలామంది అడగరు. "టీచరమ్మ మన మనిషే కదా, సంతకం అడిగితే ఏమనుకుంటుందో" అని మొహమాటం. బల్ల మీద స్కెచ్ పెన్‌తో తెలుగులో ఒకటే అతికించాం: సంతకం ఉన్న కాపీ లేకుండా లేవొద్దు. చదవరాని వాళ్లకు పిల్లలు గట్టిగా చెప్తున్నారు.

డిసెంబరు 3

దిత్వా తుపాను వాన. వీధిలో నీళ్లు మోకాలి దాకా. షాపు షట్టర్ కింద నుంచి నీళ్లు వచ్చాయి, సీపీయూ బల్ల మీదికి ఎక్కించి బతికించుకున్నాం. ఫారాలు తిరిగి ఇచ్చే గడువు నాలుగో తేదీ నుంచి పదకొండుకు పెంచారు. ఇవాళ పని లేదు.

డిసెంబరు 14, ఆదివారం

గడువు మళ్లీ పెరిగి ఇవాళ్టికి వచ్చింది. చివరి ఫారాలు పార్టీల బూత్ ఏజెంట్లే ఎక్కువ పట్టుకెళ్లారు. ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎవరు ఎక్కడ పనికెళ్తారో వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. రోజుకు యాభై ఫారాల దాకా ఇచ్చే వీలు కూడా వాళ్లకుంది. మా వీధిలో ఇద్దరు ఏజెంట్లు, రెండు పార్టీలవాళ్లు, ఒకే బండి మీద తిరిగి ఫారాలు పోగుచేయడం నేను చూశాను. అలాంటి దృశ్యం మళ్లీ ఎన్నికల దాకా కనబడదు లెండి.

డిసెంబరు 21, ఆదివారం

19న ముసాయిదా జాబితా వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద 6.41 కోట్ల ఓటర్లు 5.43 కోట్లకు దిగారు. 97 లక్షలకు పైగా పేర్లు పోయాయి. ఒక్క చెన్నై జిల్లాలోనే 40 లక్షలు దాదాపు 26 లక్షలయ్యాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది "మారిపోయారు" కింద ఉన్నారు. చనిపోయినవాళ్ల పేర్లు, రెండుచోట్ల ఉన్నవాళ్ల పేర్లు తీసేయడం అవసరమే. మా వీధిలోనే పదేళ్ల కింద పోయిన తాతల పేర్లు నిన్నటిదాకా జాబితాలో ఉన్నాయి. నాకు భయమల్లా "మారిపోయారు" అన్న గడి మీదే.

బూత్ వారీగా తీసేసిన పేర్ల జాబితాలు పెట్టారు. వాటి ప్రింట్లు తీసి సాయంత్రం నీళ్ల లారీ వచ్చే వేళకు వీధిలో గట్టిగా చదివించాం. కాలేజీ పిల్ల ఒకతి తమిళంలో చదువుతోంది, కుళు లీడరక్క ఒక్కో పేరుకూ తెలుగులో ఎవరో చెప్తోంది. "పాక్కియమ్మాళ్ అంటే ఎవరే? ఆ, మన భాగ్యం పిన్నమ్మ!" అని వెనక నుంచి అరుపులు. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం చేయలేని పని ఇది. గంటలో ఎవరెవరి పేర్లు అన్యాయంగా పోయాయో, ఎవరివి న్యాయంగానే పోయాయో వీధి అంతా కలిసి తేల్చేసింది.

ఎక్కువ దెబ్బ తగిలింది గవర్నమెంటు బోర్డు కట్టిన పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్న బ్లాకులకు. కొత్త ఇల్లు వచ్చేదాకా పక్క వీధుల్లో అద్దెకున్నారు. పాత డోర్ నంబరు నేలమట్టమైంది, కొత్త నంబరు ఇంకా పుట్టలేదు. వీళ్లను ఏం చేయమనాలి అని మాలో మాకే వాదన జరిగింది. అద్దె ఇంటి చిరునామాతో చేర్పించుకోమని నేనన్నాను. రేపు అలాట్‌మెంట్ వచ్చేటప్పుడు "నువ్వు ఇక్కడివాడివి కావు" అంటారని వాళ్ల భయం. ఓటరు జాబితాకూ ఇంటి అలాట్‌మెంటుకూ సంబంధం లేదని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఓటరు కార్డు వాళ్లకు ఓటు కోసం మాత్రమే కాదు, ఈ నేల మీద ఉన్నామనడానికి సాక్ష్యం. చివరికి, ఇప్పుడు ఉంటున్నచోట చేర్చుకుని, కొత్త ఇల్లు వచ్చాక 8వ నంబరు ఫారంతో మార్చుకోవచ్చని రాసిచ్చాం. అందరూ ఒప్పుకోలేదు.

పేరు పోయినవాళ్లు మళ్లీ చేరడానికి ఇవ్వాల్సింది 6వ నంబరు ఫారం, దాంతో పాటు ఒక డిక్లరేషన్. అంటే కొత్త ఓటరు ఫారమే. "ఎంజీఆర్ కాలం నుంచి ఓటేస్తున్నా, ఇప్పుడు నేను కొత్త ఓటరునా?" అని ఒక పెద్దాయన కోపంగా లేచిపోయాడు. మర్నాడు మనవడు తీసుకొచ్చాడు.

డిసెంబరు 28, ఆదివారం

నగరంలో ఒక తెలుగు సంఘం పెద్దమనిషి ఫోన్ చేశారు. మేం చేస్తున్న పని ఎవరో చెప్పారట. మెచ్చుకున్నారు. తరువాత అసలు సంగతికి వచ్చారు. "మీ వార్డులో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క ఇవ్వగలరా? ఎన్నికలు వస్తున్నాయి, పార్టీల దగ్గర మాట్లాడటానికి ఉపయోగపడుతుంది."

ఇవ్వలేమన్నాను. నిజంగానే ఇవ్వలేం. మా షీట్‌లో మాతృభాష కాలమ్ లేదు, కులం కాలమ్ లేదు. మొదటి రోజే వద్దనుకున్నాం. మా బల్ల దగ్గరికి తమిళ కుటుంబాలూ వస్తాయి, ఉర్దూ మాట్లాడేవాళ్లూ వస్తారు. అదొక్కటే కారణం కాదు. ఉగాది సభలకు మా పేట నుంచి ఎవర్నీ పిలవనివాళ్లు ఎన్నికలప్పుడు మాత్రం మా తలలు లెక్కపెట్టుకోవడం నాకు నచ్చలేదు. లెక్క తీసుకుని పార్టీ ఆఫీసుకు వెళ్లి అడిగేది ఏమిటి? మా వీధిలో మురుగునీళ్లు కలవని కుళాయి అడుగుతారా? ఫారాలు రాయడానికి ఒక్క ఆదివారం నలుగుర్ని పంపండి అని అడిగాను. చూద్దాం అన్నారు. చూస్తున్నాను.

ఈ పేటకు రాజకీయం తెలియదనుకునేవాళ్లకు ఒక మాట. 1920లలోనే మద్రాసు శాసనమండలిలో ఎల్.సి. గురుస్వామి ఉండేవారు. ఎస్సీల్లో ఒక వర్గమైన అరుంధతీయ కుటుంబంలో పుట్టిన మనిషి, ఈ నగరంలో తన వాళ్ల పిల్లల కోసం రాత్రి బడులు నడిపినవాడు. 2009లో తమిళనాడు చట్టం ఎస్సీల 18 శాతంలోంచి 3 శాతం అరుంధతీయులకు ప్రత్యేకించింది. ఆ చట్టంలోని ఏడు కులాల పేర్లలో మాదిగ, ఆది ఆంధ్ర, తోటి కూడా ఉన్నాయి. ఎస్సీ ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మా పిల్లల్లో కొందరికి ఆ 3 శాతంతోనే కాలేజీ సీటు వచ్చింది. అది చదువుకూ ఉద్యోగానికీ మాత్రమే, కౌన్సిల్ సీటుకు కాదు. చెన్నైలో 200 వార్డులుంటే 2022 ఎన్నికల్లో 32 ఎస్సీలకు, అందులో సగం ఎస్సీ మహిళలకు ఉంచారు. మేయరు పదవి ఎస్సీ మహిళకు రిజర్వు కావడంతో తిరు.వి.క. నగర్ ప్రాంతం 74వ వార్డు కౌన్సిలర్ ఆర్. ప్రియ ఆ మార్చిలో ఈ నగరానికి తొలి దళిత మహిళా మేయరయ్యారు. మా పక్క ఏరియా మనిషి మేయరు అయినందుకు అప్పట్లో ఇక్కడ టపాకాయలు కాల్చారు.

2025 ఆగస్టులో అదే కార్పొరేషన్ ఎదుట, రిప్పన్ బిల్డింగ్ ముందు, రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య కార్మికులు కూర్చున్నారు. పని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దని. ఒకటో తేదీ నుంచి 13 దాకా ఎండలో, వానలో. హైకోర్టు ఉత్తర్వు తరువాత 13 అర్ధరాత్రి పోలీసులు వాళ్లను అక్కడి నుంచి ఖాళీ చేయించారు. మా బల్ల దగ్గర ఫారాలు రాయించేవాళ్లలో ఇద్దరక్కలు అక్కడ కూర్చున్నవాళ్లే. మైకు చేతికిస్తే తమిళంలో, తెలుగులో తడుముకోకుండా మాట్లాడతారు. వాళ్లకు నేను రాజకీయం నేర్పేది ఏముంది? వాళ్లకు చిక్కల్లా కాగితం దగ్గరే. ఆ కాగితం పని చూసిపెట్టడం వరకే మా బల్ల.

జనవరి 4, ఆదివారం

పోలింగ్ కేంద్రం దగ్గర ప్రత్యేక శిబిరం. ఫారాలు ఇచ్చాం, రశీదులు తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో వేసినవాటికి రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి, చిన్న చీటీ మీద ప్రింటు వేసి ఓటరు కార్డు వెనక పెట్టిచ్చాం. ఫోన్‌లో ఉంటే పోతుంది, చీటీ అయితే బియ్యం డబ్బాలో అయినా ఉంటుంది. చీటీ ఖర్చు షాపుదే.

కొందరికి నోటీసులు వచ్చాయి, పాత జాబితాతో ముడి పడలేదని. విచారణకు రమ్మన్నారు. పని మానుకుని వెళ్లాలి, అంటే ఒక రోజు కూలి పోతుంది. కాంట్రాక్టు పనిలో ఉన్నవాళ్లు సూపర్‌వైజరును సెలవడగడానికే జంకుతున్నారు. నోటీసు కాపీ ఒకటి సూపర్‌వైజరుకు ఇవ్వమని, తేదీ కుదరకపోతే వేరే తేదీ అడుగుతూ అర్జీ పెట్టమని చెప్తున్నాం. ఆ అర్జీ నమూనా తమిళంలో టైపు చేసి ఉంచాను, పేరూ తేదీ నింపితే చాలు.

జనవరి 11, ఆదివారం

అభ్యంతరాల గడువు 18 దాకా ఉంది. మధ్యలో పొంగల్ సెలవులు. ఫారాల రద్దీ తగ్గింది కాబట్టి అర్జీల పుస్తకం బయటికి తీశాం.

ఏరియా సభ గురించి తెలియనివాళ్లకు: 2022లో తమిళనాడు ప్రభుత్వం నిబంధనలు తెచ్చి ఒక్కో వార్డును ఏరియాలుగా విడగొట్టింది. పల్లెల్లో గ్రామసభ ఎలాగో పట్నంలో ఏరియా సభ అలాగ. ఆ ఏడాది నవంబరు 1న సభలు మొదలయ్యాయి. ముఖ్యమంత్రి స్టాలిన్ పమ్మల్‌లో జరిగిన సభలో కూర్చున్నారు. రాజ్యాంగం 74వ సవరణ వార్డు కమిటీల మాట చెప్పింది 1993లో. మా వీధి దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది. వచ్చాక కూడా సభ ఎప్పుడో చాలామందికి తెలియదు. తెలిసినా పనివేళలో పెడతారు.

పుస్తకంలో పాత అర్జీలు చూస్తే ఒకటి అర్థమైంది. మా వీధి నుంచి నోటితో చెప్పినవి ఏవీ ఎక్కడా నమోదు కాలేదు. రాతలో ఇచ్చి నంబరు తీసుకున్నవి రెండు మూడే. వీధి చివర లైటు ఆ దారినే వచ్చింది. కుళాయిలో మురుగు వాసన సంగతి ప్రతి సభలో గట్టిగా అరిచి చెప్పాం, కాగితం మీద ఒక్కసారీ లేదు.

ఎస్‌ఐఆర్ కోసం చేసిన షీట్ ఇప్పుడు దీనికి అక్కరకొచ్చింది. కుళాయి అర్జీ కింద సంతకాలు పెట్టేవాళ్ల పేర్ల పక్కన ఓటరు సీరియల్ నంబర్లు కూడా వేద్దామని కాలేజీ పిల్ల సలహా. కౌన్సిలర్ ఆఫీసులో కాగితం తీసుకునే మనిషికి అవి ఊరికే కనబడే నంబర్లు కావంది. నాకు నచ్చింది, కుళు లీడరక్కకు నచ్చలేదు. "ఓటు పేరు చెప్పి బెదిరించినట్టు ఉంటుంది తంబీ. నీళ్లు అడగడానికి ఓటరు నంబరు ఎందుకు? ఓటు లేని పిల్లలు ఆ నీళ్లు తాగడం లేదా?" అరగంట వాదించుకున్నాం. చివరికి నంబర్లు వద్దని తేల్చారు. డోర్ నంబరు, పేరు, సంతకం లేదా వేలిముద్ర, అంతే. పేర్లు మాత్రం ఇంటిపేరుతో రాస్తారట, ఎవరిది వాళ్లు చెప్పినట్టు. తమిళ కుటుంబాలు వాళ్ల పద్ధతిలో.

అర్జీ తమిళంలో టైపు అయింది. కింద సంతకాలకు మూడు పేజీలు వదిలాను. ఒక కాపీ వార్డు ఆఫీసుకు, ఒకటి నగరానికి నీళ్లిచ్చే మెట్రో వాటర్‌కు. తరువాతి ఏరియా సభ ఎప్పుడని కౌన్సిలర్ ఆఫీసులో అడిగితే పొంగల్ తరువాత చెప్తామన్నారు. సభ సాయంత్రం అయిదు దాటాక పెట్టాలని ఇంకో అర్జీ కూడా రాస్తున్నాం, దానికి నంబరు తీసుకునే బాధ్యత నాది. విచారణ నోటీసులు ఉన్నవాళ్లకు తోడు వెళ్లడానికి కాలేజీ పిల్లలు పేర్లు రాయించుకున్నారు. షాపులో ఏ4 కాగితం అయిపోవచ్చింది, సోమవారం తెప్పించాలి.